పోస్టుకార్డు నుంచి రీల్ దాకా: న్యాయవాది తన గురించి ఎంతవరకు చెప్పుకోవచ్చు?

డాక్టరు క్లినిక్ ముందు ఏ జబ్బులకు వైద్యం చేస్తాడో రాసి ఉంటుంది. కోచింగ్ సెంటర్ బోర్డు మీద ర్యాంకుల ఫోటోలు ఉంటాయి. కానీ న్యాయవాది నేమ్‌ప్లేటు మీద ఫలానా రకం కేసుల్లో నిపుణుణ్ని అని రాసుకోవడం మన దేశంలో నియమ ఉల్లంఘన. అదే న్యాయవాది ఇప్పుడు ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఉన్నాడు. అక్కడ ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు? ఈ ప్రశ్నకు జవాబు ఒక్క నియమం చదివితే దొరకదు. దాని వెనుక రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మిత్రులారా, ఈ వ్యాసం మూడు పేపర్లకు పనికొస్తుంది. ఆధునిక భారత చరిత్ర (జీఎస్-1), న్యాయవ్యవస్థ, భావప్రకటన స్వేచ్ఛ (జీఎస్-2), వృత్తి నైతికత (జీఎస్-4). పరీక్ష సంగతి పక్కన పెట్టినా మన సిద్ధగోరా లాంటి చోట ఇది నిత్యజీవితపు ప్రశ్న. జంషెడ్‌పూర్‌లో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉద్యోగం, ఇల్లు ఇక్కడ. తాతల నాటి పొలం అక్కడ. ఉదాహరణకు శ్రీకాకుళం కోర్టులో ఒక భాగపంపిణీ దావా పడిందనుకుందాం. సిద్ధగోరాలో ఉన్న మనిషి అక్కడి వకీలును ఎలా వెతుక్కోవాలి? బంధువును అడగాలి, లేదా ఫోను తెరవాలి. ఫోనులో కనిపించేది నమ్మదగ్గ సమాచారమా, డబ్బిచ్చి పైకి తెప్పించుకున్న పేరా అన్నది అతనికి పొలమంత పెద్ద విషయం.

1. నిషేధానికి మూలం: దళారులు

కంపెనీ పాలనలో వకీలు వృత్తికి ఒక క్రమం తెచ్చింది 1793 నాటి కారన్‌వాలిస్ రెగ్యులేషన్లలో ఏడవది. బెంగాల్ ప్రాంతపు దివానీ కోర్టుల్లో ఎవరు వాదించవచ్చో, ఎంత రుసుము తీసుకోవచ్చో అది నిర్ణయించింది. కోర్టు భాష, కాగితాల పద్ధతి సామాన్యుడికి అర్థమయ్యేవి కావు. రైతుకూ కోర్టుకూ మధ్య ఉన్న ఆ ఖాళీలో పుట్టినవాడే దళారి. కోర్టుకొచ్చే బండి దగ్గరో, రైల్వే స్టేషన్‌లోనో, సత్రంలోనో కక్షిదారును పట్టుకుని ఒక వకీలు దగ్గరకు తీసుకెళ్లి, వచ్చిన రుసుములో వాటా తీసుకోవడం అతని పని. ఆ వాటా చివరికి పడేది కక్షిదారు నెత్తినే.

1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం దీన్ని పట్టించుకుంది. దాని 36వ సెక్షన్ కింద దళారుల పేర్లతో జాబితా తయారుచేసి ప్రకటించే అధికారం కోర్టులకు దక్కింది. జాబితాలో ఉన్నవాణ్ని కోర్టు ఆవరణలోకి రానివ్వకుండా చేయవచ్చు. ఆ పాత చట్టాన్ని రద్దు చేసి, దళారుల గురించిన భాగాన్ని 1961 అడ్వకేట్స్ చట్టంలో 45ఎ సెక్షన్‌గా చేర్చింది 2023 నాటి సవరణ చట్టం. జాబితాలో పేరు పడిన తర్వాత కూడా ఆ పని చేస్తే మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1879లో మొదలైన సమస్యకు 2023లో కూడా చట్టం రాయాల్సి వచ్చిందంటే దళారి ఎక్కడికీ పోలేదని అర్థం.

కాబట్టి మొదటి పాయింట్ ఇది: ప్రచారంపై నిషేధం కేవలం ఇంగ్లండు నుంచి దిగుమతైన పెద్దమనిషి మర్యాద కాదు. ఆ మర్యాద ప్రభావం ఉంది, నిజమే. ఇంగ్లిష్ బారిస్టర్లు తమది వ్యాపారం కాదని భావించేవారు, పని కోసం అడగడం చిన్నతనమనుకునేవారు. కానీ మన దగ్గర నిషేధం నిలబడడానికి మరో గట్టి కారణం కూడా ఉంది. చదువురాని కక్షిదారును దోపిడీ నుంచి కాపాడటం.

2. పత్రికలు పెట్టిన ప్లీడర్లు

పని కోసం అడగకూడదు, సరే. మరి ఆ కాలపు న్యాయవాదులు ప్రచార సాధనాలకు దూరంగా ఉన్నారా? లేరు. అప్పటి సోషల్ మీడియా అచ్చు పత్రిక. దాన్ని నడిపిన వాళ్లలో న్యాయవాదులే ముందున్నారు.

1878లో మద్రాసులో 'ది హిందూ' మొదలుపెట్టిన ఆరుగురు యువకుల్లో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు. అప్పటికి ఆయన న్యాయశాస్త్ర విద్యార్థి. తర్వాత రాజమండ్రిలో పేరున్న న్యాయవాది అయ్యారు. 1902లో బందరులో 'కృష్ణా పత్రిక' స్థాపించిన కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావులలో వెంకటప్పయ్య గారు ప్లీడరు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో ప్లీడరుగా ఎదిగి, ఇంగ్లండులో బారిస్టరయి, మద్రాసులో ప్రాక్టీసు చేస్తూ 'లా టైమ్స్' అనే న్యాయ పత్రిక నడిపారు. సహాయ నిరాకరణ రోజుల్లో ప్రాక్టీసు వదిలేసి, 1921లో 'స్వరాజ్య' దినపత్రిక పెట్టారు.

ఇప్పుడు మనం ఉంటున్న రాష్ట్రంలోని ఉదాహరణ చూద్దాం. సిద్ధగోరా నుంచి సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని రాంచీ కోర్టులో శరత్ చంద్ర రాయ్ (1871-1942) వకీలు. కోర్టుకు వచ్చే ముండా, ఉరావ్ ప్రజల భాష అధికారులకు రాదు, వారి భూమి ఆచారాలు న్యాయమూర్తులకు తెలియవు. వాళ్లు ఓడిపోతున్నది న్యాయం లేక కాదు, తమ మాట అవతలివారికి అర్థం కాక. రాయ్ ఆ ఆచారాలను అధ్యయనం చేసి 1912లో ముండాల మీద పుస్తకం ప్రచురించారు. 1921లో 'మ్యాన్ ఇన్ ఇండియా' అనే పత్రిక ప్రారంభించారు. ఆయన్ను భారతీయ మానవశాస్త్రానికి ఆద్యుల్లో ఒకరిగా చెబుతారు. కానీ మన వ్యాసానికి ముఖ్యమైంది వేరు. ఒక వకీలు అచ్చు అనే సాధనాన్ని తన కేసుల కోసం కాక, తన కక్షిదారుల లోకాన్ని నలుగురికీ అర్థమయ్యేలా చేయడానికి వాడారు.

ఈ నలుగురినీ కలిపి చూడండి. వాళ్లు చట్టం గురించి, సమాజం గురించి, పాలన గురించి రాశారు. పేరు వచ్చింది. ఆ పేరు వల్ల పని కూడా పెరిగి ఉండవచ్చు. దాన్ని ఎవరూ వృత్తి తప్పిదం అనలేదు. ప్రజలకు విషయం చెప్పడం ఒకటి, నా దగ్గరకు రండి అని పిలవడం మరొకటి. ఈ గీత అప్పుడే పడింది.

అయితే ఇందులో ఒక అసమానత కూడా ఉంది. పత్రిక పెట్టడానికి డబ్బు, చదువు, పరిచయాలు ఉండాలి. అవి ఉన్నవాడికి ప్రచార నిషేధం వల్ల నష్టం లేదు. పల్లె నుంచి కొత్తగా వచ్చిన, ఇంట్లో ఇంకో వకీలు లేని ప్లీడరుకు మాత్రం తాను ఉన్నానని తెలియజేసే దారే లేదు. ఈ అసమానతను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

3. పోస్టుకార్డు నేరమైన రోజులు

గీత ఎంత కఠినంగా ఉండేదో 1929 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు చెబుతుంది. ఒక ప్లీడరు తన పేరు, చిరునామా, హోదా మాత్రమే రాసి పోస్టుకార్డులు పంపాడు. పొగడ్త లేదు, ధరల పట్టిక లేదు. అయినా అది తగని ప్రచారమేనని కోర్టు తేల్చింది. పోస్టుకార్డు ఆనాటికి అతి చౌకైన ప్రసార సాధనం. అంటే కొత్త సాధనం వచ్చినప్పుడల్లా న్యాయవ్యవస్థ మొదటి స్పందన అనుమానమే.

స్వాతంత్ర్యం తర్వాత 1961 అడ్వకేట్స్ చట్టం దేశమంతటికీ ఒకే న్యాయవాద వర్గాన్ని ఏర్పరచింది. 49(1)(సి) సెక్షన్ వృత్తి ప్రవర్తన ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఇచ్చింది. ఉల్లంఘిస్తే 35వ సెక్షన్ కింద మందలింపు నుంచి సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తొలగింపు దాకా శిక్షలు ఉన్నాయి. 1962లోనే సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒక న్యాయవాది తన సేవలు వాడుకోమంటూ మహారాష్ట్ర న్యాయశాఖ మంత్రికి ఉత్తరం రాశాడు. తీర్పులో అతని పేరు బయటపెట్టకుండా 'ఎ' అని మాత్రమే రాసి, ఐదేళ్లపాటు సస్పెండ్ చేశారు.

1975లో బార్ కౌన్సిల్ నియమావళి వచ్చింది. అందులోని 36వ నియమమే ఈ వ్యాసానికి గుండెకాయ. దాని సారాంశం:

- న్యాయవాది ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పని అడగకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. సర్క్యులర్లు, దళారులు, వ్యక్తిగత సందేశాలు అన్నీ నిషిద్ధం.
- తాను వాదిస్తున్న కేసుల గురించి పత్రికల్లో వ్యాఖ్యలు రాయించుకోకూడదు, ఆ కేసులతో ముడిపెట్టి తన ఫోటో వేయించుకోకూడదు.
- బోర్డు తగిన పరిమాణంలోనే ఉండాలి. ప్రత్యేక నైపుణ్యం, పాత పదవులు, సంఘాల అధ్యక్షత వంటివి దాని మీద ఉండకూడదు.

అదే కాలంలో వచ్చింది దభోల్కర్ కేసు. బొంబాయిలో మేజిస్ట్రేటు కోర్టు ముందు కొందరు న్యాయవాదులు వచ్చిన కక్షిదారుల మీద పడి, కాగితాలు లాక్కునే దాకా వెళ్లారన్నది ఆరోపణ. 1976లో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ ప్రవర్తనను తీవ్రంగా ఖండించారు. న్యాయవాద వృత్తి వ్యాపారం కాదు, కేసులు సరుకులు కావు అన్నది ఆ తీర్పు సారం. దళారి పని న్యాయవాదే చేస్తే ఎలా ఉంటుందో ఆ కేసు చూపించింది.

4. బయటి ప్రపంచం దారి మార్చుకుంది

మనం నిషేధాన్ని గట్టిపరుస్తున్న రోజుల్లోనే అమెరికా తలుపు తెరిచింది. 1976 ఫిబ్రవరిలో అరిజోనాలో బేట్స్, ఓస్టీన్ అనే ఇద్దరు యువ న్యాయవాదులు పత్రికలో ప్రకటన ఇచ్చారు. పరస్పర అంగీకారంతో విడాకులకు 175 డాలర్లు, కోర్టు రుసుము అదనం అంటూ ధరలు వేశారు. వాళ్ల ఉద్దేశం మధ్యతరగతి వారికి చౌకగా న్యాయసేవ అందించడం. 1977లో బేట్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ప్రకటనలపై సంపూర్ణ నిషేధం చెల్లదంది. మోసపూరిత ప్రకటనలను మాత్రం అదుపు చేయవచ్చంది. మన నిషేధానికి మూలమైన ఇంగ్లండు కూడా 1984లో సొలిసిటర్లకు ప్రకటనల అనుమతి ఇచ్చింది.

మన దగ్గర రాజ్యాంగపరమైన మలుపు 1995లో వచ్చింది. టాటా ప్రెస్ సంస్థ ప్రచురించిన ఎల్లో పేజీల మీద ఎంటీఎన్ఎల్‌తో వచ్చిన వివాదంలో, వాణిజ్య ప్రకటన కూడా 19(1)(ఎ) అధికరణ కింద భావప్రకటనేనని సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుకు సమాచారం అందుకునే హక్కు ఉందన్న కోణం అందులో ముఖ్యం. మరి న్యాయవాదుల నిషేధం ఏమవుతుంది? అది 19(1)(జి), అంటే వృత్తి స్వేచ్ఛను కూడా తాకుతుంది. దాన్ని 19(2), 19(6) కింద సహేతుకమైన ఆంక్షగా సమర్థించుకోవాల్సిన భారం నియమం పెట్టినవారిదే. మెయిన్స్ జవాబులో ఈ మాట తప్పక రాయండి.

5. 2008: వెబ్‌సైటుకు దారి

ఇంటర్నెట్ వచ్చాక పాత ప్రశ్న మళ్లీ తలెత్తింది. వి.బి. జోషి కేసు 36వ నియమాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. ఆ కేసు సాగుతుండగానే బార్ కౌన్సిల్ 2008లో నియమానికి మినహాయింపు చేర్చింది. న్యాయవాది వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్, విద్యార్హతలు, ఏ రంగాల్లో ప్రాక్టీసు అన్నవి పెట్టవచ్చు. ఆ సమాచారం నిజమని ధ్రువీకరించాలి.

ఒక వింత గమనించండి. ఇంటి ముందున్న బోర్డు మీద రాయకూడని ప్రత్యేక నైపుణ్యానికి దగ్గరగా ఉండే 'ప్రాక్టీసు రంగాలు' ప్రపంచమంతా చూసే వెబ్‌సైటులో రాయవచ్చు. 1929లో పోస్టుకార్డు మీద తప్పయిన చిరునామా 2008లో తెర మీద ఒప్పయింది. అంటే చెడు చిరునామాలో లేదు. దాన్ని వాడే తీరులో ఉంది.

6. సోషల్ మీడియా ముందు పాత నియమం

2008 మినహాయింపు వెబ్‌సైటు గురించే మాట్లాడుతుంది. సోషల్ మీడియా ఖాతాల గురించి అందులో ప్రత్యేకంగా లేదు. అందుకే తర్వాతి వివాదాలన్నీ ఆ ఖాళీలోనే పుట్టాయి.

2024 జూలై 3న మద్రాసు హైకోర్టు విఘ్నేశ్ కేసులో కీలక తీర్పు ఇచ్చింది. క్వికర్, సులేఖ, జస్ట్ డయల్ వంటి వేదికల్లో న్యాయవాదులకు ధరలు, రేటింగులు పెట్టి చూపడం 36వ నియమానికి విరుద్ధమంది. అలాంటి ప్రకటనలు ఇచ్చే న్యాయవాదులపై చర్యలకు, వేదికల నుంచి ఆ సమాచారం తొలగింపజేయడానికి బార్ కౌన్సిల్ కదలాలని ఆదేశించింది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ మరో అడుగు వేసి, సినీ ప్రముఖులతో ప్రచార వీడియోలు, చట్టం పేరుతో తప్పుదారి పట్టించే ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద హెచ్చరిక జారీ చేసింది.

చరిత్ర తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. డబ్బు తీసుకుని ఒక పేరును జాబితాలో పైకి తెచ్చే వేదిక 1879 చట్టం వెతికిన దళారికి కొత్త రూపం. రైల్వే స్టేషన్ స్థానంలో సెర్చ్ బాక్స్ వచ్చింది.

2024లోనే మరో తీర్పు ఉంది. మే 14న బార్ ఆఫ్ ఇండియన్ లాయర్స్ కేసులో, న్యాయవాది సేవ వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ వృత్తి మిగతా వాటికి భిన్నమైనది కాబట్టి అన్నది కారణం. ఈ తీర్పును, విఘ్నేశ్ తీర్పును పక్కపక్కన పెట్టండి. కక్షిదారు వినియోగదారుల ఫోరానికి పోలేడు. ఎంచుకునే ముందు పోల్చి చూసుకునే సమాచారమూ అతనికి తక్కువే. రెండూ వృత్తి గౌరవం పేరుతోనే. అలాంటప్పుడు బార్ కౌన్సిల్ మీద బాధ్యత రెట్టింపవుతుంది.

ప్రకటన కాని మాటకూ హద్దు ఉందని 2020 చూపించింది. రెండు ట్వీట్లకు గాను న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌ను ఆగస్టు 14న కోర్టు ధిక్కార దోషిగా తేల్చి, ఆగస్టు 31న ఒక రూపాయి జరిమానా వేసింది సుప్రీంకోర్టు. విమర్శ స్వేచ్ఛకూ కోర్టు గౌరవానికీ మధ్య గీత ఎక్కడన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

7. మరి న్యాయవాది ఏం చేయవచ్చు?

ఇంతవరకు చూసిన నియమాలు, తీర్పులు కలిపి చదివితే ఒక ఆచరణ సూత్రం తేలుతుంది.

చేయదగినవి: చట్టాన్ని మాతృభాషలో వివరించడం. కొత్త న్యాయ సంహితలు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఎఫ్ఐఆర్ ఎలా ఇవ్వాలి, వారసత్వ ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి, ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు తేదీ ఎలా చూసుకోవాలి వంటివి తెలుగులో చెబితే అది శరత్ చంద్ర రాయ్ చేసిన పనికి కొనసాగింపే. 2008 నియమం అనుమతించిన వివరాలను పొగడ్త లేకుండా ప్రొఫైల్‌లో ఉంచడం ఆ నియమం స్ఫూర్తికి దగ్గరగా ఉంటుంది.

చేయకూడనివి: 'ఈ రోజు నా క్లయింటుకు బెయిల్ తెచ్చాను' అంటూ కోర్టు మెట్ల మీద రీల్ పెట్టడం. ఇది 36వ నియమం పేర్కొన్న ఫోటో, వ్యాఖ్యల నిషేధం కిందికి నేరుగా వస్తుంది. డబ్బిచ్చి పోస్టును పైకి తెప్పించడం, ప్రమాద బాధితులకు తానుగా సందేశాలు పంపడం పని అడగడమే. కక్షిదారు చెప్పిన రహస్యం బయటపెట్టడం ఇంకా పెద్ద తప్పు. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ప్రకారం ఆ గోప్యత కేసు ముగిసిన తర్వాత కూడా కొనసాగుతుంది. పేరు తీసేసి కథలా చెప్పినా, చిన్న ఊళ్లో ఎవరి కథో అందరికీ తెలిసిపోతుంది. ప్రత్యక్ష ప్రసారాల్లోంచి ముక్కలు కత్తిరించి అనుమతి లేకుండా పంచుకోవడం కూడా కూడదు. 2018 స్వప్నిల్ త్రిపాఠి తీర్పు ప్రసారాలకు దారి తెరిచింది పారదర్శకత కోసమే.

8. రెండు వైపుల వాదన

నిషేధం సడలిస్తే ఏమవుతుంది? డబ్బున్న పెద్ద సంస్థలు తెరనంతా ఆక్రమిస్తాయి. గెలుపు ఖాయమనే మోసపు హామీలు పెరుగుతాయి. ఈ భయం నిజమైనదే. పూర్తిగా బిగిస్తే ఏమవుతుంది? ముందే చెప్పుకున్న అసమానత మిగులుతుంది. తండ్రి పేరు, పెద్ద చాంబరు ఉన్నవారికి ప్రచారంతో పని లేదు. మొదటి తరం న్యాయవాది, ముఖ్యంగా చిన్న పట్టణపు మహిళా న్యాయవాది, దళిత, ఆదివాసీ న్యాయవాది కనబడకుండా పోతారు. కక్షిదారు దళారి చేతికే చిక్కుతాడు.

నా అభిప్రాయంలో మధ్యేమార్గం ఉంది. నియమం సాధనాన్ని బట్టి కాక విషయాన్ని బట్టి ఉండాలి. నిజం, సరిచూసుకోగలిగిన సమాచారం ఏ తెర మీదైనా ఒప్పే. పోలిక, పొగడ్త, హామీ, పిలుపు ఏ తెర మీదైనా తప్పే. అడ్వకేట్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిళ్లు న్యాయవాదుల రోల్ ఎలాగూ నిర్వహిస్తాయి. దానికి ప్రాక్టీసు చేసే కోర్టు, రంగం, మాట్లాడే భాషలు జోడించి అందరూ వెతుక్కునేలా పెడితే, ప్రైవేటు వేదికల అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఈలోగా మన వీధిలో వారికి చెప్పదగ్గ మాట ఒకటుంది. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు పారిశ్రామిక కార్మికులు కూడా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. కార్మికుల ఊరైన జంషెడ్‌పూర్‌లో ఇది చాలామందికి వర్తిస్తుంది. నల్సా హెల్ప్‌లైన్ 15100. దీనికి ప్రకటన నిషేధం లేదు, కాబట్టి నిరభ్యంతరంగా నలుగురికీ చెప్పండి.

ముగింపు

పోస్టుకార్డు, ఎల్లో పేజీలు, వెబ్‌సైటు, రీల్. సాధనం మారిన ప్రతిసారీ నియమం ఆలస్యంగా మేల్కొంది. మారనిది ఒక్కటే: కోర్టు మెట్ల దగ్గర ఎవరిని నమ్మాలో తెలియక నిలబడ్డ మనిషి. న్యాయవాది సోషల్ మీడియాలో పెట్టే ప్రతి పోస్టుకూ పరీక్ష ఆ మనిషే. దాన్ని చదివాక అతనికి చట్టం కొంచెం ఎక్కువ తెలిస్తే అది వృత్తి ధర్మం. వకీలు ఫోన్ నంబరు మాత్రమే గుర్తుంటే అది ప్రకటన.

పునశ్చరణకు: 1793 రెగ్యులేషన్ 7 – 1879 లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం – 1929 బొంబాయి పోస్టుకార్డు తీర్పు – 1961 అడ్వకేట్స్ చట్టం – 1975 నియమం 36 – 1977 బేట్స్ – 1995 టాటా ప్రెస్ – 2008 వెబ్‌సైటు మినహాయింపు – 2023 సెక్షన్ 45ఎ – 2024 విఘ్నేశ్ తీర్పు.

అభ్యాస ప్రశ్న (250 పదాలు): న్యాయవాదుల ప్రచారంపై నిషేధం కక్షిదారును కాపాడుతుందా, లేక అతనికి అందాల్సిన సమాచారాన్ని దూరం చేస్తుందా? చారిత్రక నేపథ్యంతో, 19వ అధికరణ వెలుగులో చర్చించండి.